ఇల్లు మారాక జీరో బిల్లు ఆగిపోయింది. గృహజ్యోతి పోయినట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమ్మ హాస్టల్లో వంట పని చేస్తారు, తెల్ల రేషన్ కార్డు ఉంది. తెలంగాణ గృహజ్యోతి పథకం (తెల్ల కార్డున్న ఇంటికి 200 యూనిట్ల లోపు వాడిన నెలకు కరెంటు ఉచితం) కింద పాత అద్దె ఇంట్లో ఏడాదికి పైగా జీరో బిల్లు వచ్చింది. మార్చిలో అదే ఊళ్లో ఇంకో పోర్షన్‌కు మారారు. ఏప్రిల్‌లో 212 యూనిట్లు కాలి 1,100 పైన బిల్లు వచ్చింది. మేలో 168 యూనిట్లే కాలినా 700 దాకా వేశారు. "ఒక్కసారి 200 దాటితే పథకం ఇక పోయినట్టే" అని ఓనరు అంటున్నారు. పైగా గృహజ్యోతినే ఎత్తేస్తారని వాట్సాప్‌లో చూశారు. బెంగళూరులో ఉండే మీ పిన్ని వాళ్లేమో అక్కడి లెక్క ఒకటి చెప్పారు. ఇప్పుడేం చేయాలి?

పథకం పోలేదు. ఒక నెల 200 దాటితే ఆ నెల బిల్లు కట్టాలి, అంతే. మళ్లీ 200 లోపు వాడిన నెలకు మళ్లీ జీరో బిల్లే. మే బిల్లుకు కారణం వేరు. కొత్త ఇంటి సర్వీసు నంబరుకు మీ రేషన్ కార్డు జత కాలేదు. మీ అమ్మగారి పేరున ఉన్న సాయం ఇప్పటికీ పాత ఇంటి మీటరుకే అతుక్కుని ఉంది. దాన్ని అక్కడ తీయించి ఇక్కడ ఎక్కించాలి. ఆ పని మీరు వెళ్తేనే అవుతుంది, దానంతట అది జరగదు.

నేను డిస్కంలో (ఇళ్లకు కరెంటిచ్చి బిల్లు వేసే సంస్థ) బిల్లింగ్ వైపు ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి రిటైరయ్యాను. చివరి ఏడాది దాదాపు మొత్తం ఈ జీరో బిల్లు గొడవలతోనే గడిచింది. కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఓపిక చేసుకుని చదవండి.

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు, గుర్తుంది కదా. ఆ ఫారంలో రేషన్ కార్డు నంబరు, ఆధార్, కరెంటు సర్వీసు నంబరు రాయించారు. ఆ మూడూ కలిసిన ఇళ్లకు 2024 మార్చి నుంచి జీరో బిల్లులు కొట్టారు. అంటే మీటరు రీడర్ చేతిలోని మిషన్‌కు మీరెవరో తెలియదు, పేదవాళ్లా కాదా అన్నదీ తెలియదు. ఆ సర్వీసు నంబరు లిస్టులో ఉందా లేదా, యూనిట్లు 200 లోపా కాదా, ఈ రెండే చూస్తుంది. కాబట్టి మీరు ఇల్లు మారితే మీతో పాటు సామాను వస్తుంది కానీ సబ్సిడీ రాదు.

అద్దెకు ఉన్నవాళ్లకు పథకం వర్తించదన్న మాట తప్పు. మీటరు ఓనరు పేరున ఉన్నా పర్వాలేదు. కార్డు మీది, మీరు ఉంటున్న ఇంటి సర్వీసు నంబరు అది, ఈ రెండూ చాలు. ఓనర్లు ఎందుకు వెనకాడతారో నాకు తెలుసు. "వీళ్ల ఆధార్ నా మీటరుకు ఎక్కితే రేపు ఇల్లు మాదే అంటారేమో" అని భయం. అలా ఏమీ అవదు. బిల్లు మీద పేరు మారదు, మీటరు ఓనర్‌షిప్ మారదు. ఈ మాట ఆయనకు నెమ్మదిగా చెప్పండి, గొడవ పెట్టుకోకండి. బిల్లు కాపీ ఆయన ఇస్తే మీ పని సగం అయినట్టే.

వెళ్లాల్సింది కరెంటు ఆఫీసుకు కాదు. పల్లె అయితే మండల పరిషత్ ఆఫీసుకు, టౌన్ అయితే మున్సిపల్ ఆఫీసుకు. అక్కడి ప్రజాపాలన సేవా కేంద్రంలో సర్వీసు నంబరు మార్చమని దరఖాస్తు ఇవ్వాలి. రేషన్ కార్డు, అమ్మ ఆధార్, కొత్త ఇంటి తాజా బిల్లు, పాత ఇంటి జీరో బిల్లు ఒకటి, అన్నిటికీ జిరాక్సులు పట్టుకెళ్లండి. దరఖాస్తు తీసుకున్నట్టు రసీదు తప్పకుండా అడగండి. "ఎంటర్ చేశామమ్మా, వెళ్లండి" అంటే కదలకండి. ఆపరేటర్ ఎంటర్ చేసిన నంబరును స్క్రీన్ మీద మీ కళ్లతో చూసి బిల్లుతో పోల్చుకోండి. ఇక్కడే నేను ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చిన కేసుల్లో చాలావరకు అంకెల తప్పులే.

ఒకావిడ పాలిథిన్ కవరులో ఐదు నెలల బిల్లులు మడత పెట్టుకుని వచ్చింది. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు, నెలకు తొంభై యూనిట్లు కూడా కాలవు. అయినా ప్రతి నెలా బిల్లు వస్తోంది. అన్నీ సరిగానే ఉన్నాయే అని కంప్యూటర్లో ఆమె కార్డు నంబరు కొట్టి చూస్తే, దానికి జతైన సర్వీసు నంబరులో చివరి అంకె 1 బదులు 7 ఉంది. చేతిరాతలో ఒకటి పైన చిన్న గీత గీస్తాం చూడండి, దాన్ని ఏడు అనుకుని ఎంటర్ చేశారు. ఆ ఏడు ఎవరిదా అని చూస్తే అదే వీధిలో రెండంతస్తుల ఇల్లు. ఐదు నెలలుగా వాళ్లకు జీరో బిల్లు పోతోంది. వాళ్లూ ఎందుకొస్తోందని అడగలేదు, ఎవరు అడుగుతారు! సరిచేయించడానికి ఇంకో నెలన్నర పట్టింది. ఆ తప్పు ఆమెది కాదు, తిరిగింది మాత్రం ఆమే.

మరో సంగతి. బిల్లు మీద రెండు నంబర్లు ఉంటాయి. సర్వీసు నంబరు ఒకటి, యూఎస్‌సీ (యూనిక్ సర్వీస్ కనెక్షన్ నంబరు) అని ఇంకొకటి. దరఖాస్తులో ఏది అడిగితే అదే రాయాలి. చాలామంది ఒకటి అడిగితే ఇంకొకటి రాసి వచ్చారు. అనుమానం ఉంటే రెండూ రాయండి, ఏది ఏదో పక్కన రాయండి.

మీ కొత్త పోర్షన్‌లో ఇంతకు ముందు ఎవరైనా కార్డు ఉన్నవాళ్లు అద్దెకు ఉన్నారా, అదీ ఓనరును అడగండి. ఉంటే వాళ్ల కార్డు ఆ మీటరుకు ఇంకా జతై ఉండొచ్చు. అప్పుడు మీ దరఖాస్తు ఎక్కకుండా ఆగిపోతుంది. ఆ పాత కార్డును తీసేయమని అదే కాగితంలో ఒక వాక్యం రాయండి.

ఇప్పుడు ఏప్రిల్ బిల్లు. ఇది కట్టాల్సిన బిల్లే అని ముందు నుంచీ అనుకుంటున్నారు కదా, కట్టే ముందు ఒక్కటి చూడండి. బిల్లు మీద పోయిన రీడింగు తేదీ, ఈ రీడింగు తేదీ రెండూ ఉంటాయి. మధ్యలో ఎన్ని రోజులో లెక్కపెట్టండి. 200 యూనిట్లు అన్నది నెలకు. రీడర్ సెలవులో ఉండి ఆలస్యంగా వస్తే ముప్పై అయిదు, ముప్పై ఆరు రోజుల యూనిట్లు ఒకే బిల్లులో పడతాయి. నా దగ్గరికి ఒకాయన 214 యూనిట్ల బిల్లు పట్టుకొచ్చాడు. తేదీలు చూస్తే 36 రోజులు. 214ను 36తో భాగిస్తే రోజుకు ఆరు కంటే తక్కువ. ముప్పై రోజులకు 178 యూనిట్లు. అంటే అతను నిజానికి 200 దాటనే లేదు. రాతపూర్వకంగా అడిగాడు, బిల్లు సవరించాం. అడగకపోయి ఉంటే వెయ్యి రూపాయలు కట్టి ఊరుకునేవాడు.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. మార్చిలో మీరు దిగిన రోజు మీటరు రీడింగు ఎంతో రాసుకున్నారా? రాసుకోకపోతే ఏప్రిల్ బిల్లులోని 212లో కొన్ని మీకంటే ముందున్నవాళ్లవి కావచ్చు. ఇకముందు ఎక్కడికి మారినా తాళం చేతికి తీసుకున్న రోజే మీటరు ఫోటో తీసుకోండి. తేదీ ఫోన్‌లోనే ఉంటుంది.

ఇక ఆ పన్నెండు యూనిట్లు ఎంత ఖరీదు పడ్డాయో చూడండి. తెలంగాణలో 2022 నుంచి అమల్లో ఉన్న గృహ వినియోగం రేట్ల ప్రకారం, నెలకు 100 దాటి 200 లోపు వాడితే మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80. సరిగ్గా 200 కాలిస్తే కరెంటు ఛార్జీ 820 రూపాయలు. 201 కాలిస్తే శ్లాబే మారిపోతుంది. మొదటి యూనిట్ నుంచి 200 దాకా 5.10 చొప్పున, ఆ పైన 300 దాకా 7.70 చొప్పున వేస్తారు. అంటే 1,027.70. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, ఎలక్ట్రిసిటీ డ్యూటీ అదనం. గృహజ్యోతి ఉన్న ఇంటికి ఇంకా ఘోరం. 200 దగ్గర సున్నా, 201 దగ్గర వెయ్యి పైన. దాటిన యూనిట్లకే కట్టాలని చాలామంది అనుకుంటారు. కాదు, మొత్తం బిల్లు కట్టాలి. మీ 212కు 1,020, ఆ పైన పన్నెండుకు 92.40, కలిపి 1,112.40. మే నెల 168కి 340, ఆ పైన 68 యూనిట్లకు 326.40, కలిపి 666.40. మీకు వచ్చిన బిల్లులు ఈ లెక్కకు దగ్గరగానే ఉన్నాయి కాబట్టి రేటులో తప్పు లేదు.

ఈ పద్ధతి నాకు మొదటి నుంచీ నచ్చలేదు. గోడ కట్టినట్టు 200 దగ్గర కట్టారు. మెట్టు ఉండాల్సిన చోట గోడ ఉంది. ఢిల్లీలో 200 దాటి 400 లోపు వాడినవాళ్లకు సగం రాయితీ ఇచ్చే పద్ధతి పెట్టారు, నెలకు 800 రూపాయల వరకు. అలాంటిది ఉంటే ఏప్రిల్, మే నెలల్లో కూలరు వేసుకున్న ఇళ్లు ఇలా దెబ్బతినవు. కానీ ఉన్న రూలు ఇదీ, దీనిలోనే బతకాలి.

కాబట్టి నెల మధ్యలో మీటరు చూసే అలవాటు చేసుకోండి. డిజిటల్ మీటరులో అంకెలు మారుతూ ఉంటాయి. పక్కన కేడబ్ల్యూహెచ్ (అంటే యూనిట్లు) అని వచ్చినప్పుడు కనపడేదే మీ రీడింగు. తేదీని, ఆర్‌ఎండీని (ఎక్కువలో ఎక్కువ ఎంత లోడు పడిందో చూపే అంకె) చూసి రీడింగు అనుకుని కంగారు పడినవాళ్లు చాలామంది ఉన్నారు. రీడర్ వచ్చి వెళ్లిన రోజు నుంచి ఇరవయ్యో రోజుకు 133 యూనిట్లు దాటితే ఆ నెల గోడ తగులుతుందని అర్థం. మిగిలిన పది రోజులు జాగ్రత్త పడొచ్చు.

దేని మీద జాగ్రత్త అంటే, లైట్లు ఆర్పడం మీద కాదు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా వెలిగినా పదో వంతు యూనిట్ కాలుతుంది, అంతే. రెండు కిలోవాట్ల గీజరు అరగంట వేస్తే ఒక యూనిట్. నలుగురు ఒకరి తర్వాత ఒకరు వేసుకుంటే రోజుకు రెండు మూడు యూనిట్లు అక్కడే పోతాయి. పాత రకం సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు దాకా. బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటు తాగే కొత్త రకం) 30 వాట్లకు అటూఇటూ, అదే వాడకానికి 13, 14 యూనిట్లే. రెండు ఫ్యాన్లు మారిస్తే నెలకు నలభై యూనిట్లు మిగిలినట్టు. 212 వచ్చే ఇంటికి నలభై యూనిట్లంటే వెయ్యి రూపాయలు. ఒక వేసవి గడిచేసరికి మార్చిన ఖర్చులో చాలావరకు వెనక్కి వస్తుంది.

బకాయి సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. 200 దాటిన నెల బిల్లును కట్టకుండా వదిలేయకండి. "ఎలాగూ వచ్చే నెల జీరో కదా" అని ఊరుకుంటే ఆ బకాయే అడ్డం పడుతుంది. ఆపైన సర్వీసు కట్ చేసే దాకా వెళ్తుంది. అయితే కట్ చేయడానికీ పద్ధతి ఉంది. విద్యుత్ చట్టం 2003లోని 56వ సెక్షన్ ప్రకారం కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. బిల్లు తప్పని మీరు అనుకుంటే, అభ్యంతరం తెలుపుతూ కట్టొచ్చు. అడిగిన మొత్తం, లేదా వెనకటి ఆరు నెలల సగటు, రెండిట్లో ఏది తక్కువైతే అది కడితే తేలే దాకా సరఫరా ఆపకూడదు. ఈ సంగతి కౌంటర్లో ఎవరూ చెప్పరు. మీరే "అండర్ ప్రొటెస్ట్ కడుతున్నాను" అని కాగితం మీద రాసి ఇవ్వాలి.

మే బిల్లు వెనక్కి వస్తుందా అని అడుగుతారు. దరఖాస్తుకు ముందు నెలలది వెనక్కి రావడం నేను చూసింది తక్కువ. దరఖాస్తు ఇచ్చాక కూడా బిల్లు వస్తే మాత్రం రసీదు చూపించి సవరించమని అడగొచ్చు. అందుకే రసీదు తేదీ ముఖ్యం. రేపంటే రేపే వెళ్లండి.

అక్కడ పని కాకపోతే వరసగా ఇలా: ముందు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తర్వాత మీ సెక్షన్ ఏఈకి (మీ ప్రాంతపు కరెంటు ఇంజినీరు), బిల్లింగ్ తప్పయితే ఈఆర్‌ఓలో (బిల్లులు, వసూళ్లు చూసే ఆఫీసు) ఏఏఓకి (అక్కడి అకౌంట్స్ అధికారి) కాగితం ఇవ్వండి. అక్కడా కదలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, సీజీఆర్‌ఎఫ్ అంటారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, తెలుగులో చేత్తో రాసిన కాగితం చాలు. దాని మీద విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు సీజీఆర్‌ఎఫ్ నుంచి కాగితం వచ్చిందంటే ఆఫీసులో ఆ ఫైలు అన్నిటికంటే పైన పెట్టేవాళ్లం. నిజం చెప్పాలంటే, భయంతోనే.

మీటరే పరిగెడుతోందని అనుమానం ఉంటే దానికీ దారి ఉంది. ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు బిగించి కనీసం మూడు నెలలు పోల్చి చూడాలని 2024లో కేంద్రం రూల్స్ సవరించింది. మీ యూనిట్లు చూస్తే ఆ అవసరం కనిపించడం లేదు.

ఒకే మీటరు మీద రెండు మూడు పోర్షన్లు ఉన్న ఇళ్లలో మాత్రం ఈ తిప్పలన్నీ వృథా. అందరి యూనిట్లూ కలిసి 200 దాటిపోతాయి, ఓనరు సబ్‌మీటరు చూసి యూనిట్‌కు ఎనిమిదో పదో వసూలు చేసుకుంటాడు. మీ పోర్షన్‌కు విడిగా డిస్కం మీటరు ఉందా, లేక లోపల సబ్‌మీటరా? బిల్లు మిషన్‌లోంచి వచ్చిన కాగితమే మీ చేతికి వస్తోంది కాబట్టి విడిగానే ఉందనుకుంటున్నాను. లేకపోతే అద్దె తక్కువని ఆ ఇంట్లో ఉండటం లాభమో నష్టమో మళ్లీ లెక్క వేసుకోవాలి.

ఇక చివరి ప్రశ్న, ఎత్తేస్తారా అని. సర్కారు మనసులో ఏముందో నేను చెప్పలేను కానీ, ఆ డబ్బు ఎలా నడుస్తుందో చెప్తాను. రేటు పెట్టేది విద్యుత్ నియంత్రణ మండలి. ఎవరికైనా తగ్గించి ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంటే, ఆ తేడాను డిస్కంకు ముందుగా చెల్లించాలని అదే విద్యుత్ చట్టంలోని 65వ సెక్షన్ చెప్తుంది. చెల్లించకపోతే ఆ ఆదేశం చెల్లదు, మండలి పెట్టిన రేటే వర్తిస్తుంది. కాబట్టి మీ జీరో బిల్లు నిజానికి జీరో కాదు, మీ తరఫున ఇంకొకరు కట్టిన బిల్లు. ప్రభుత్వం డిస్కంలకు ఎంత బాకీ పడుతోందన్న వార్త పేపర్లో వస్తే అది మీకు సంబంధించిన వార్తే. వాట్సాప్ ఫార్వర్డుల కంటే బడ్జెట్‌లో ఆ పద్దుకు ఎంత రాశారో చూడటం మేలు.

నా అనుభవంలో మాత్రం ఇలాంటివాటిని జీవో ఇచ్చి ఎత్తేసే ధైర్యం ఎవరికీ ఉండదు. 2004 మే 14న రాజశేఖరరెడ్డి గారు రైతులకు ఉచిత కరెంటు ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే రెండయింది, ఎవరూ దాన్ని తీయలేదు. జరిగేది వేరే. ఇల్లు మారినవాళ్లు, కోడలు వచ్చి రేషన్ కార్డు విడిపోయినవాళ్లు, ఇంటి పెద్ద పోతే కార్డు మీద పేరు మార్చుకోని వాళ్లు ఒక్కొక్కరుగా లిస్టులోంచి జారిపోతారు. ఎవరూ తీసేయలేదు, ఎవరూ చెప్పలేదు, బిల్లు మాత్రం వస్తుంది. మీకు జరిగిందీ అదే. మీ ఇంట్లో ఎవరైనా 2025లో ఇచ్చిన కొత్త రేషన్ కార్డుకు మారి ఉంటే, ఆ కొత్త నంబరు కూడా ఈ దరఖాస్తులోనే రాయండి.

బెంగళూరులో మీ పిన్ని వాళ్లు చెప్పిన లెక్కను మాత్రం పట్టించుకోకండి. కర్ణాటకలో పథకం పేరు కూడా గృహజ్యోతే, 2023లో మొదలైంది. కానీ అక్కడ ప్రతి ఇంటికీ పాత వాడకం సగటు మీద కొంచెం కలిపి విడి పరిమితి పెట్టారు. మనకు అందరికీ ఒకటే 200. ఆంధ్రాలో ఇలా అందరికీ లేదు, ఎస్సీ ఎస్టీ కుటుంబాలకు 200 యూనిట్ల వరకు ఉచితం ఉంది. పేరు ఒకటైనా రూలు ఒకటి కాదు.

"జీరో బిల్లు అప్‌డేట్ చేసుకోండి, లేకపోతే ఈ రాత్రి కరెంటు కట్" అని లింకుతో మెసేజ్ వస్తే నొక్కకండి. డిస్కం అలా రాత్రికి రాత్రి కట్ చేయదు, పైన చెప్పిన 15 రోజుల నోటీసు ఉండాల్సిందే.

ఏప్రిల్ బిల్లు మీద ఉన్న రెండు తేదీలు ఇక్కడ రాయండి. ఎన్ని రోజులో చూసి, సవరణ అడగొచ్చో లేదో చెప్తాను. సర్వీసు నంబరు మాత్రం ఇక్కడ పెట్టకండి.